మొదటి గుక్క

గుండ్లకొండ కింద ముళ్లకంప కట్టిన మేకల దొడ్డి ఒకటుంది. అందులో ఏడుగురు బాలింత మేకలు, తలా ఒక పిల్ల, వాటితోబాటు తల్లుల్లేని పిల్లలు మూడు. ఆ మూడింటి తల్లుల్ని ఒకే వారంలో కొండమీది చిరుత ఎత్తుకుపోయింది.

మేక సంగతి తెలిసిందే కదా. వాసన పట్టి తన పిల్లేనని తేల్చుకుంటే గాని పొదుగు ఇవ్వదు. పరాయి పిల్ల మూతి పెడితే కాలెత్తి తంతుంది. పాపం ఆ మూడూ రెండు రోజులు పాలకు బదులు తన్నులే తిన్నాయి. మూడోరోజు మందలో పెద్దదైన చుక్కక్క ఊపిరి బిగబట్టి, కళ్లు గట్టిగా మూసుకుని, ఒకదాన్ని తాగనిచ్చింది. అది తాగినంతసేపూ చుక్కక్క తన్నబోయే కాలును నేలకేసి నొక్కిపెట్టుకుందట. ఆ సాయంత్రమే మిగతా ఆరుగురినీ పిలిచి ఒక కట్టుబాటు చేసింది. పూటకు ముగ్గురి వంతు. వంతు వచ్చిన తల్లి మొదటి గుక్క ఆ పిల్లలకే ఇవ్వాలి, మిగిలింది సొంత పిల్లకు. తల్లిలేనిది అన్న మాట మాత్రం దొడ్డిలో ఎవరి నోటా రాకూడదు.

వానలున్నంత కాలం కట్టుబాటు బాగానే నడిచింది. ధర్మం చేయడం పొదుగు నిండుగా ఉన్నప్పుడు ఎవరికైనా చాతనవుతుంది. ఎండలు ముదిరి, కొండ మీద గడ్డి మాడిపోయి, తుమ్మకాయలు కూడా దొరకని రోజులొచ్చేసరికి అసలు సంగతి బయటపడింది. మొదటి గుక్క అయ్యాక రెండో గుక్కకు పాలు ఉండటం లేదు. మూడు పిల్లలూ నున్నగా గెంతుతుంటే, కన్నపిల్లలు కంచె నీడన పడి మూలుగుతున్నాయి. బొల్లమ్మ అనే మేక ఈ మాట పైకే అనేసింది. తా దూర కంత లేదు మెడకో డోలన్నట్టుంది మన సంబడం అని రుసరుసలాడింది. అని కూడా తన వంతు మాత్రం తప్పలేదు, అది వేరే సంగతి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం మందను కాసే కాపరి తన కుక్కల్ని తీసుకుని, నీళ్ల కోసం చెలమ తోడటానికి వాగులోకి దిగాడు. అది చూసే వచ్చింది నక్క. పేరు నక్కన్న. నక్క వినయాలు ఊరికే పుట్టిన మాట కాదు. తడిక దగ్గర తల వంచి నిలబడి, అక్కలందరి క్షేమమూ పేరుపేరునా అడిగి, ఎండల గురించి ఓ నిట్టూర్పు విడిచి, అప్పుడు అసలు మాటకొచ్చింది.

"నాదేముందక్కా, చిరుతయ్య మాట చెప్పి పోదామని వచ్చినా. తల్లి లేని పిల్లలు కొండ సొత్తంట. ఆ మూడింటినీ నా వెంట పంపితే, తల్లి ఉండే పిల్ల జోలికి ఎప్పటికీ రానని ఒట్టు పెట్టినాడు. లేదంటే ఈ పొద్దే దిగి వస్తాడంట. ఎవరి పిల్ల పోతుందో నేను చెప్పలేను."

తల్లుల చూపులన్నీ ఎవరి పిల్ల మీదికి వాళ్లవి పోయాయి. కంచె కంప అంత ఎత్తు లేదు, చిరుతకు అదొక లెక్క కాదు. కుక్కలు వాగులో ఉన్నాయి. బొల్లమ్మ చుక్కక్క పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"అక్కా, నన్ను చెడ్డదాన్ననుకున్నా సరే. నా కొడుకు లేచి నిలబడలేకుండాడు. మూడు పోతే మన పిల్లలన్నా మిగులుతాయి కదా."

చుక్కక్క భయపడింది. చిరుతకు కాదు, బొల్లమ్మ మాట తనకు కూడా సబబుగానే తోచినందుకు. తన కూతురు డొక్కలు ఎగరేస్తూ అక్కడే పడుకుని ఉంది. ఒక్క తల ఊపు ఊపితే చాలు, ఈ పూట నుంచి మొదటి గుక్క దానిదే. ఊపలేకపోయింది. కాదని చెప్పే ధైర్యమూ చాల్లేదు. కుక్కలు వచ్చేదాకా పొద్దు గడిస్తే చాలనుకుని ఇలా అంది.

"ఫలానా వాళ్లకు తల్లి లేదని మా నోటితో మేం చెప్పం. అది మా కట్టుబాటు. తీసుకుపోను వచ్చినోడివి నువ్వు, నువ్వే ఏరుకో. తల్లి ఉండే పిల్ల మీద చెయ్యి వేస్తే మటుకు ఆ తల్లి ఊరుకోదు."

"అంతేనా," అని నక్క నవ్వింది. "తల్లి లేని సంగతి పిల్ల డొక్కలే చెప్తాయి లేక్కా."

లోపలికి వచ్చి పదింటినీ ఒక చుట్టు చూసింది. ఎముకలు లెక్కపెట్టగలిగేలా ఉన్న ఒక పిల్లను ఎంచి, దాని వీపు మీద పంజా వేసింది. ఆ వేసింది బొల్లమ్మ కొడుకు మీద.

బొల్లమ్మ కొమ్ములు వంచి అడ్డం దూకింది. ఇది నా కొడుకని అరిచింది. నక్క తడబడి, పొరపాటైంది లెమ్మని, వెనక్కి తగ్గింది. కాని బొల్లమ్మకు అప్పుడే ఒక సంగతి తట్టింది. రేపు తననే చిరుత తీసుకుపోతే, తన కొడుకును కూడా ఎవడో ఒకడు ఇలాగే డొక్కలు చూసి ఏరుకుంటాడు. ఆ రోజు ఈ దొడ్డి ఏం చెప్పాలని తను కోరుకుంటుంది?

నక్క తక్కువది కాదు. ఈసారి నున్నగా ఉన్న పిల్ల దగ్గరికి పోయి, మీ అమ్మ ఎవరు నాయనా అని తీయగా అడిగింది. పసిదానికి ఏం తెలుసు? అది కాసేపు ఆలోచించి, "ఈ పూట అమ్మా, మాపటి అమ్మా?" అంది.

నక్క కళ్లు మెరిశాయి. పంజా ఎత్తింది. అంతలో బొల్లమ్మ వచ్చి ఆ పిల్లను తన పొదుగు కిందికి నెట్టుకుంది.

"ఈ పూట అమ్మను నేనే. ఇది నా బిడ్డ."

"ఇందాక ఆ బక్కది నీ కొడుకన్నావే?"

"అదీ నా కొడుకే. మేకకు కవలలు పుట్టరా?"

ఇంకో తల్లి కదిలి ఇంకో పిల్లను దాచుకుంది. ఇదీ నా కవలల్లో ఒకటే అంది. మూడోదాన్ని చుక్కక్క దగ్గరికి తీసుకుంది. ఏడుగురూ పిల్లల చుట్టూ కొమ్ములు బయటికి పెట్టి నిలబడ్డారు. తల్లి ఉండే పిల్ల జోలికి రానని మీ దొరే ఒట్టు పెట్టినాడు కదా, ఇక్కడ తల్లి లేని పిల్ల లేదని పోయి చెప్పమన్నారు. నక్క ఇంకేదో అనబోయింది. అనకముందే పద్నాలుగు కొమ్ములు కలిసి దాన్ని ముళ్లకంప అవతలికి ఎత్తి పడేశాయి.

తర్వాత సంగతి కొండమీది కాకి చూసి వచ్చి చెప్పింది. చిరుత పొద్దున్నుంచీ ఆకలితో కాచుకుని ఉందట. నక్క ఒట్టి చేతులతో వచ్చి, అయ్యా, ఆ దొడ్డిలో ప్రతి పిల్లకూ తల్లి ఉంది అని చెప్పుకుందట. చిరుత దాన్ని పైనుంచి కిందికి చూసి, మరి నీకుందా అని అడిగిందట. లేదు దొరా, చిన్నప్పుడే పోయింది అంది నక్క, జాలి పడుతుందనుకుని.

అయితే నువ్వు కొండ సొత్తే, దగ్గరికి రా అంది చిరుత.

ఏడుగురు తల్లులు పంచుకున్న బిడ్డను పులైనా పోల్చుకోలేదు.