కొత్త వార్డులో మొదటి పేషెంటు

జెసింతకి ఆ రోజు కాలు నిలవడం లేదు. మంచాన పడ్డవాళ్ల కోసం కట్టిన కొత్త వార్డు మర్నాడే తెరుస్తారు, దానికి ఇన్‌చార్జి నర్సు తనే. ఇంత చిన్న వయసులో ఆ ఆసుపత్రిలో ఇంకెవరికి దక్కింది గనక! కూనిరాగం తీస్తూ దుప్పట్లు పరుస్తోంది. దారిన పోయేవాళ్లని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ కిటికీలు చూపిస్తోంది.

ఒకటే బెంగ. స్కూటీ మీంచి పడ్డప్పుడు విరిగిన కుడి భుజం అతుక్కుంది గానీ నొప్పి పోలేదు. డాక్టరు మాత్రలు రాశాడు. డ్యూటీ చేసుకోవచ్చు, మాత్ర మాత్రం మానొద్దు, మొదట్లో కాస్త మత్తుగా ఉంటుంది, మీ ఆసుపత్రి మదర్‌తో చెప్పి చేసుకోమన్నాడు. చెబితే వార్డు తోటి నర్సు ఫిలోమినకి ఇచ్చేస్తారని ఈ పిల్ల చెప్పలేదు. పైగా మాత్రలే మానేసింది. చూశారా తెలివి!

మదర్ ఆరోగ్యమ్మ ఆ ఆసుపత్రికి పెద్దదిక్కు. జెసింతకి సూది పట్టుకోవడం నేర్పింది ఆవిడే. ఆ ఉదయం పాత వార్డులో జెసింత మంచాన పడ్డ రాయప్ప తాతని పక్కకి తిప్పుతుంటే ఆవిడ కంటపడింది. పాపం, తాత పళ్లు బిగించి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఆ తర్వాత మదర్ కొత్త వార్డుకి వచ్చి, భుజానికి మందులు వాడుతున్నావా అని మాత్రం అడిగింది.

జెసింత దాచలేకపోయింది. దాచడం మాట అటుంచి, గొప్పగానే చెప్పుకుంది.

"మానేశాను మదర్. మత్తు మాత్ర మింగి రోగి మీద చెయ్యి వేస్తానా? ఓర్చుకుంటున్నాను."

మదర్ చెప్పులు విడిచింది. అప్పుడే పరిచిన దుప్పటి మీద వెల్లకిలా పడుకుని ఒళ్లంతా వదిలేసింది.

"నన్ను తిప్పు."

జెసింతకి నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఆవిడ లేచేలా లేదు. ఇక తప్పక ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి నడుం కింద పెట్టి తిప్పబోయింది. సగంలో నొప్పి చురుక్కుమంది. ఎక్కడ వదిలేస్తానోనని వేళ్లు బిగించి ఒక్క ఊపున లాగేసింది. ముసలావిడ నోట్లోంచి "అమ్మా" అని వచ్చేసింది. అది నటన కాదు.

జెసింత కళ్లనీళ్లు పెట్టుకుంది. మదర్ లేచి కూర్చుని, వార్డు ఎక్కడికీ పోదంది. మత్తు తగ్గేదాకా మందులు కొలిచి ఇచ్చే పని ఫిలోమిన చూస్తుంది, పేషెంట్లని ఇద్దరేసి కలిసి తిప్పాలి, ముందు వెళ్లి మాత్ర వేసుకో అంది.

ఆ పిల్ల ఇంకా పట్టు వదల్లేదు. "మాత్ర వద్దు మదర్. ఇన్నాళ్లూ ఓర్చుకున్నాను కదా."

మదర్ తన భుజం రుద్దుకుంటూ ఆ పిల్ల ముఖంలోకి చూసింది.

"ఓర్చుకుంది నువ్వు కాదమ్మా. రాయప్ప."