మంచు మీద ముందు నడిచేవాడు

పైడిరాజుకి ఇంకొక్క మాట కావాలి. అదే దొరకడం లేదు.

ఉత్తరధ్రువానికి దగ్గర్లో, చలికాలంలో సముద్రమే గడ్డకట్టి దారిగా మారే ఒక ఊళ్లో అతను ఏడాదిగా పరిశోధన చేస్తున్నాడు. మంచు మందం కొలుస్తాడు. ఏ మంచుని అక్కడివాళ్లు ఏమంటారో రాసుకుంటాడు. ఇప్పటికి నలభై ఆరు పేర్లు పోగయ్యాయి. మనిషిని మింగేముందు కాలి కింద ఉండే మంచు పేరు మాత్రం ఎవరూ చెప్పరు. అడిగితే ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారు.

అతనికి భాష నేర్పుతున్నది నూకా అనే ముసలి వేటగాడు. అరవై ఏళ్లుగా సీల్ జంతువుల వేటకి మంచు మీద తిరుగుతున్నవాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, పైడిరాజు ఆయన్ని ప్రశ్నలతో కాల్చుకుతిన్నాడు.

మంచు మీద నడకకి అక్కడో పద్ధతి ఉంది. ముందు నడిచేవాడు ఇనపమొన కర్రతో మంచుని పొడిచి, ఆ చప్పుడు విని అడుగేస్తాడు. వెనకవాడు సరిగ్గా ఆ అడుగులోనే అడుగు పెడతాడు. అలా నడిచేటప్పుడు కూడా ఇతని నోరు ఊరుకునేది కాదు. "దీన్నేమంటారు తాతా? మరి దీన్నో?" ముసలాయన జవాబిచ్చేవాడు కాదు. పైడిరాజుకి చిన్నతనంగా ఉండేది.

ఆ రోజు నిలదీశాడు. "పది రోజుల్లో నా విమానం వస్తుంది తాతా. ఆ ఒక్క మాటా లేకపోతే నా పుస్తకం కుంటిదైపోతుంది. నీకు తెలుసు. ఎందుకు చెప్పవు?"

నూకా లేచి తన కర్ర తీసి అతని చేతిలో పెట్టాడు.

"పద. ఇవాళ నువ్వు ముందు."

ఒడ్డు దాటి కాస్త దూరం వెళ్లేసరికి పొగమంచు కమ్మేసింది. వెనక్కి చూస్తే ఊరు లేదు. పైడిరాజు పొడిచాడు. ఖంగుమంది. అడుగేశాడు. మళ్లీ పొడిచాడు. వెనక ముసలాయన అడుగు, తన అడుగు ఖాళీ కాగానే అందులో పడుతోంది.

అప్పుడు పట్టుకుంది భయం. తను తప్పు వింటే తనొక్కడే పోడు. నలభై ఆరు పేర్లలో ఒక్కటైనా గుర్తుకి రాలేదు.

ఇంకో ముప్ఫై అడుగులు వేశాక కర్ర మెత్తగా దిగింది. మొన తడిగా పైకొచ్చింది. కన్నం చుట్టూ మంచు నల్లబడింది. పాదాల కింద ఎక్కడో, గాజు పగులుతున్నట్టు సన్నగా చిట్లింది.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. అమ్మా అని అరవాలనిపించింది. అరవలేదు.

అడుగు దూరంలో ఆగి ఉన్న నూకా మెల్లగా అన్నాడు. "నువ్వడిగింది దీని పేరే. చెప్పనా?"

పైడిరాజు తల కూడా తిప్పలేదు. ఎడమచెయ్యి వెనక్కి చాచి, ఆయన్ని మాట్లాడొద్దన్నాడు. మంచు ఇంకా చిట్లుతోంది. ఆ చిట్లడం ఎటు పోతోందో అతను వింటున్నాడు.