చిలుక తిండి మానేసింది

అనగనగా మందారపురానికి ఒక రాజు. ఆయనకు ధవళుడని ఒక్కగానొక్క కొడుకు. ఊరికే కత్తి తిప్పే రకం కాదర్రా, వైద్యం కూడా నేర్చుకున్నాడు. అతనికి పెళ్లి కుదిరిన కనకలేఖను ధూమకేశుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. తనను పెళ్లి చేసుకోమంటే ఆమె ఛీ పొమ్మంది. అంతే, రాయిని చేసేశాడు.

ధవళుడు ఒక తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటి మాంత్రికుడుండే దీవికి చేరాడు. నిలువునా రాయైన కనకలేఖను చూడగానే అతనికి దుఃఖం ఆగలేదు. కత్తి దూసి కోటలోకి దూకాడు. తీరా చూస్తే మాంత్రికుడు మంచం మీద మూలుగుతున్నాడు.

"నరుకు నాయనా," అన్నాడు నీరసంగా. "నేను పోతే ఆ పిల్ల ఎప్పటికీ రాయే. మంత్రం తిప్పి చదవడానికి నాకు ఓపిక లేదు. నా ప్రాణం ఒడ్డునున్న గుహలో చిలుకలో ఉంది. దానికేదో జబ్బు చేసింది. దాన్ని బతికించు, నీ పిల్లను నీకిస్తాను."

గుహలో చీకటి. ఇనప పంజరంలో చిలుక ముడుచుకుని ఉంది. గింజలు ముట్టలేదు. ధవళుడు ముందు రెక్క చూసి నూనె రాశాడు. చిలుక కదల్లేదు. తర్వాత పొట్ట నొక్కి చూసి కషాయం పోశాడు. ఉమ్మేసింది. మూడోసారి కంట్లో చుక్కల మందు వేయబోతుంటే, వెంట వచ్చిన తాబేలుకు ఒళ్లు మండింది.

"రెక్క చూశావు, పొట్ట చూశావు, కన్నూ చూస్తున్నావు. మరి చిలుకను ఎప్పుడు చూస్తావయ్యా?"

ధవళుడికి సిగ్గేసింది. మందుల సంచి పక్కన పెట్టి చతికిలబడ్డాడు. "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగాడు.

చిలుక ముడుచుకున్న తల పైకెత్తింది. "ఎండ చూసి ఎన్నాళ్లయిందో! నాలో ప్రాణం దాచుకున్నాడు, బాగానే ఉంది. ఒక్కనాడైనా చూడ్డానికి వచ్చాడా?" అంది.

ధవళుడు పంజరం తెరిచి చిలుకను భుజాన ఎక్కించుకున్నాడు. మాంత్రికుణ్ణి మంచంతో సహా ఎండలోకి ఈడ్చుకొచ్చాడు. అతని చేతికి జామపండు ఇచ్చి, "నువ్వే పెట్టు," అన్నాడు.

చిలుక ముందు వేలు కసుక్కున కొరికింది. ఆ కోపం తీరాక పండు తింది. అది తింటుంటే మాంత్రికుడికి ఇన్నాళ్లకు ఆకలేసింది. మిగిలిన సగం తనే తిన్నాడు. తిని, చిలుకను గుండెకు హత్తుకుని భోరుమన్నాడు. ఓపిక రాగానే మంత్రం తిప్పి చదివాడు.

కనకలేఖ కళ్లు తెరిచి, "కాళ్లు పీకేస్తున్నాయి," అంది.

అలవాటు కొద్దీ ధవళుడి చెయ్యి నూనె సీసా మీదికి పోయింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"కూర్చో. అంతా చెప్పు, వింటాను," అన్నాడు.

ఆమె పొద్దుగూకేదాకా చెప్పింది. అతను విన్నాడు. ఆపైన పెళ్లయింది, పట్టాభిషేకమైంది. పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా ఏలుకున్నారు. అంతసేపు వినే మొగుడు దొరికితే ఏ రాణి సుఖపడదర్రా?