కాస్త పక్కకు జరగండి

లాజరు మాస్టారు అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆ పని పూర్తయ్యేసరికి అడిగినవాడు తన ప్రశ్నే మరిచిపోయినా ఆయనకు పట్టదు.

చిన్నప్పుడు ఆయన దగ్గర ఇనుము చెక్కే లేతు యంత్రం పని నేర్చుకున్న గవర్రాజు, ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగి యంత్రాలకు ఫొటోలు తీశాడు. నిరుడు అది మానేసి, ఒక వృత్తి విద్యా కళాశాలలో ఫొటోగ్రఫీ చెప్పడానికి చేరాడు. ఒక ఆదివారం ఉదయం గాజువాకలో మాస్టారి షెడ్డుకు వచ్చాడు. జేబులో రాజీనామా కాగితం ఉంది.

“క్లాసులో లైట్లు, కెమెరా అన్నీ నేనే అమర్చి, నేనే తీసి చూపిస్తానండి. ఒక్క తప్పు జరగనివ్వను. అయినా బెల్లు కొట్టగానే ఒక్కడూ నా దగ్గర ఆగడు. అక్కడా ఒక్కణ్ణే, ఇంటికెళ్తే అక్కడా ఒక్కణ్ణే. నాకు చదువు చెప్పడం చేతకాదేమో మాస్టారూ. రేపు ఈ కాగితం ఇచ్చేయమంటారా?” అన్నాడు.

“అది తర్వాత చూద్దాంలే. ముందు నా లేతును ఒక ఫొటో తియ్యి.”

గవర్రాజుకు ప్రాణం లేచివచ్చింది. లేతు మీద నూనె మరకలు తుడిచాడు. ఇనుప రజను ఊడ్చాడు. మాస్టారి టీ గ్లాసు, కొక్కేనికి వేలాడుతున్న చొక్కా తీసి అవతల పెట్టాడు. యంత్రం ఫొటోలో మనిషి జాడ ఉండకూడదన్నది అతని వృత్తిలో మొదటి పాఠం.

“కాస్త పక్కకు జరగండి,” అన్నాడు. మాస్టారు జరిగారు.

“నీడ పడుతోందండి, ఇంకొంచెం.” మరికాస్త జరిగారు. మూడోసారి గవర్రాజు తలెత్తకుండానే చెయ్యి ఊపాడు.

ఫొటో చాలా బాగా వచ్చింది. ముప్పై ఏళ్ళనాటి లేతు నిన్న కొన్నట్టు మెరుస్తోంది. చూపిద్దామని సంబరంగా వెనక్కి తిరిగితే షెడ్డులో ఎవరూ లేరు. ఊడ్చిన నేల, ఖాళీ కొక్కెం. బెల్లు కొట్టాక తన క్లాసు గదీ ఇలాగే ఉంటుంది. గవర్రాజుకు ఏడుపొచ్చినంత పనైంది.

“మాస్టారూ!” అని కేక వేశాడు.

మాస్టారు బయట ఎండలో నిలబడి ఉన్నారు. పిలిచినా లోపలికి రాలేదు.

“నువ్వు జరగమన్నావు, జరిగాను,” అన్నారు. “నీ క్లాసు పిల్లలు నాకంటే బుద్ధిమంతుల్లా ఉన్నారు, చెప్పకుండానే జరుగుతున్నారు.”