అరగదీసిన దీపం

పాలపిట్ట కారు బానెట్ ఎత్తమని ఎవరైనా అడిగితే విరజకు తల కొట్టేసినట్టుండేది.

పైకి చూస్తే కారుకు ఏ లోటూ లేదు. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్లు, పాలపిట్ట రెక్క విప్పినప్పుడు మాత్రమే కనిపించే ఆ నీలం. మలుపులో ఎంత వేగంగా తిప్పినా రోడ్డును వదలదు. దాన్ని గీసింది ముస్తఫా అలీ. చాలాకాలం కాలేజీలో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పి, చివరికి పటాన్‌చెరు దాటాక ఒక రేకుల షెడ్డు వేసి, నలభై మందితో స్పోర్ట్స్ కార్లు చేయడం మొదలుపెట్టాడు. షెడ్డులో ఎవరూ ఆయన్ని సార్ అనరు. మెకానిక్ షెడ్లలో పని నేర్పేవాణ్ణి పిలిచినట్టే ఉస్తాద్ అంటారు. విరజ ఆయన దగ్గర చివరగా చేరిన శిష్యురాలు.

బానెట్ కింద ఉన్న ఇంజన్ మాత్రం వాళ్లది కాదు. కోయంబత్తూరులో ఒక పెద్ద కంపెనీ, ఇంటిల్లిపాదీ తిరిగే కార్లకూ సరుకు వ్యాన్లకూ చేసే ఇంజన్ అది. గేర్‌బాక్సూ, అడుగున ఉండే చట్రంలో సగమూ అక్కడివే. ఇంజన్ బ్లాక్ మీద ఒక మూల, బొటనవేలి గోరంత దీపం బొమ్మ పోతపోసి ఉంటుంది. అది వాళ్ల ఫౌండ్రీ గుర్తు.

ఎందుకిలా అని విరజకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ లెక్క వేసింది తనే. ఏడాదికి అమ్ముడయ్యేవి మూడు వందల కార్లు. సొంతంగా ఇంజన్ చేసుకుంటే దాని ఖర్చంతా ఆ మూడు వందల మీదే పడుతుంది. అప్పుడు ఒక్క పాలపిట్ట కొనే డబ్బుకు ఇప్పటి పాలపిట్టలు మూడు వస్తాయి. అదే ఇంజన్ లక్ష బండ్లలో తిరుగుతుంటే, ఒక్కో దాని మీద పడే ఖర్చు టైరు ధర కూడా ఉండదు. బోర్డు మీద ఇదంతా వేసి చూపించిన రోజున, "కలిసి చేసుకోకపోతే మన కారు బతకదు ఉస్తాద్" అన్నది కూడా తనే.

అయినా ఆ దీపం కనిపించినప్పుడల్లా మనసు ముడుచుకుపోయేది.

నగరంలో కార్ల ప్రదర్శన జరిగినప్పుడు అది భరించలేనంత పెరిగింది. నలుగురు స్నేహితులతో వచ్చిన ఒకాయన కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. సీట్లో కూర్చుని సెల్ఫీ దిగాడు. తర్వాత బానెట్ ఎత్తమన్నాడు.

"అరే, ఇది మన క్యాటరింగ్ వ్యాన్‌లో ఉన్నదే కదరా!" దీపం మీద వేలు పెట్టాడు. "ఇదిగో, దీపం మార్కు. ఏమ్మా, ఇందులో సాంబార్ గిన్నె ఎక్కడ పెట్టుకోవాలి?"

"ఒళ్లో పెట్టుకోండి సార్," అంది విరజ.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఇంటికి వెళ్లే దారిలో, తను కూడా నవ్వినందుకు ఇంకా సిగ్గేసింది.

మర్నాడు ఉస్తాద్‌ని అడిగింది. "మనదంటూ ఒక ఇంజన్ ఎప్పుడు చేసుకుంటాం ఉస్తాద్?"

ఆయన ఒక స్ప్రింగును వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "లెక్క మారిందా బేటా?"

"లేదు."

"మరి?"

"మనది అని చెప్పుకోవడానికి ఏమీ లేనట్టుంది."

ఆయన తల తిప్పి ఆమె వైపు కాసేపు చూశాడు. "సాంబార్ గిన్నె సంగతి నాకూ చెప్పార్లే," అని మళ్లీ స్ప్రింగు చూసుకున్నాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఉస్తాద్ నమాజుకు వెళ్లాడు. మిగతావాళ్లు భోజనాలకు కూర్చున్నారు. ప్రదర్శనకు తీసుకెళ్లే కారు దగ్గర విరజ ఒక్కతే ఉంది. గ్రైండర్ తీసుకుంది. దీపం నిప్పురవ్వలై రాలిపోవడానికి పెద్దగా సేపు పట్టలేదు. ఆ చోట నల్లరంగు పూసింది. పైన పాలపిట్ట బొమ్మ చెక్కిన ఇత్తడి పలక ఒకటి పెట్టి, పక్కనున్న బ్రాకెట్‌కు రెండు మరలతో బిగించింది. వెనక్కి జరిగి చూసుకుంటే, మొదటిసారి ఆ ఇంజన్ తమదే అనిపించింది.

సోమవారం కబురొచ్చింది. కోయంబత్తూరు నుంచి అళగిరి నాయుడు వస్తున్నాడు. ఆ ఇంజన్లు పోతపోసే ఫౌండ్రీ మొత్తం చూసుకునే పెద్దమనిషి ఆయన. కోయంబత్తూరులో పుట్టి పెరిగిన తెలుగాయన.

ఎందుకొస్తున్నాడో తమకు తెలుసనే షెడ్డులో అందరూ అనుకున్నారు. ఆ కంపెనీ ఇంటి కార్లన్నీ బ్యాటరీ మీదకు మారిపోతున్నాయి. ఇక ఈ ఇంజన్‌తో వాళ్లకు పనేముంది? అచ్చులు పగలగొట్టేస్తున్నామని చెప్పడానికే వస్తున్నాడు. విరజ మనసులో లెక్క వేసుకుంది. ఉన్న ఇంజన్లు ఐదు నెలలకు సరిపోతాయి. ఆ తర్వాత పాలపిట్ట ఉండదు, ఈ షెడ్డూ ఉండదు.

ఆయన వచ్చే రోజు పొద్దున్నే ఉస్తాద్ ప్రదర్శన కారు బానెట్ ఎత్తాడు. ఇత్తడి పలకను చూశాడు. దాని అంచు కిందికి బొటనవేలు పోనిచ్చి తడిమాడు. విరజ పక్కనే నిలబడి ఉంది.

"నున్నగా చేశావు," అన్నాడు.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"ఉస్తాద్, నాయుడుగారికి వేరే కారు చూపిద్దామా?"

"ఈ కారే చూస్తానన్నాడు. దీని ఫొటో పేపర్లో చూశాడట." బానెట్ దించి, చేయి తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

పదకొండు దాటాక గేటులోకి ఒక అంబులెన్స్ వచ్చి ఆగింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. "ఎవరికేమైంది? ఎవరికేమైంది?"

వెనక తలుపు తెరుచుకుంది. పంచె సర్దుకుంటూ డెబ్బై ఏళ్ల మనిషి దిగాడు.

"భయపడకండయ్యా, ప్రాణం ఉంది," అన్నాడు అళగిరి నాయుడు. "మా కంపెనీ బండే ఇది, నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రికి ఇవ్వాల. అది ఖాళీగా వస్తావుంటే నాకు రైలెందుకని ఎక్కేసినా. స్ట్రెచర్ మీద పండుకుంటే కర్నూలు దాకా మెలకువే లేదు. టోల్‌గేటు పిల్లోడు లోపలికి తొంగి చూసి నాకు దండం పెట్టేసినాడు, పోయినాననుకుని."

ఉస్తాద్ పెద్దగా నవ్వి ఆయన్ని కౌగిలించుకున్నాడు. "ఇంకా పోలేదుగా! రా నాయుడూ, రా." విరజ వైపు తిరిగాడు. "బేటా, ఈ బండి వెనక చక్రం దగ్గర ఏదో చప్పుడొస్తోందట. ఒకసారి కిందికి దూరి చూడు."

"చప్పుడా? ఏం చప్పుడు? గ్లాసులో నీళ్లు కూడా తొణక—"

ఉస్తాద్ ఆయన భుజం మీద చేయి వేశాడు. నాయుడు ఆగిపోయాడు.

విరజ చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి జారింది. టార్చి వేసింది. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. కానీ వెనక చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఆమెకు కొత్త కాదు. ఆ వంపు, ఆ కోణం రోజూ చూసేవే. అది పాలపిట్టది. మలుపులో కారు రోడ్డును వదలకుండా ఉండాలని ఉస్తాద్ గీసి చెరిపి, గీసి చెరిపి తెచ్చిన వంపు. దాన్ని కోయంబత్తూరుకు ఇచ్చారని తెలుసు గానీ, వాళ్లు ఏ బండికి వాడుతున్నారో ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఇనుము మీద ఒకచోట బురద ఎత్తుగా పేరుకుని ఉంది. చేత్తో తుడిచింది.

బురద కింద ఒక పిట్ట. పోత ఇనుములోనే పోసింది, గరుకుగా, రెక్క విప్పి. బొటనవేలి గోరంత.

విరజ రెండో చక్రం వైపు జరిగి అక్కడా తుడిచింది. అక్కడా ఒక పిట్ట ఉంది. దీపం కోసం వెతికింది. ఎక్కడా లేదు.

ఆమె ఎక్కడున్నా లెక్క ఆగదు. కోయంబత్తూరులో ఏడాదికి చేసేవి మూడు వేల అంబులెన్సులు. ఒక్కో దానికి రెండు. రోడ్డు మీద అందరూ తలతిప్పి చూసే పాలపిట్టల కన్నా, ఇలా బండ్ల కింద, బురదలో, ఎవరికీ కనిపించని చోట ఎగురుతున్నవి ఇరవై రెట్లు.

టార్చిని పిట్ట మీద పట్టి ఇంకోసారి చూసింది. బండి పక్కన రెండు జతల చెప్పులు కనిపిస్తున్నాయి. ఎవరూ ఆమెను తొందరపెట్టలేదు.

ఆమె బయటికి వచ్చాక ఉస్తాద్ అడిగాడు. "చప్పుడుందా?"

"లేదు ఉస్తాద్."

కొంచెం ఆగి, నాయుడును అడిగింది. "సార్, ఆ చక్రాల దగ్గర మీ దీపం లేదు."

"ఎట్లుంటుందమ్మా? ఒక ముక్కకు ఒకటే గుర్తు." ఆయన అరచేతిలో వేలితో గీసి చూపించాడు. "కరిగిన ఇనుము అన్నిటికన్నా చివర ఏ మూలకు చేరుతుందో, అక్కడ పెడతాం గుర్తు. దీపం వత్తితో సహా తేటగా పడిందంటే లోపలంతా ఇనుము బాగా పారినట్టు. సగం పడితే ఆ ముక్కను మళ్లీ కరిగించేస్తాం. కింద నువ్వు చూసింది మీ ఉస్తాద్ గీసినది. ఆ చోట మా దీపం పెట్టుకుంటే దొంగతనం కాదా?" పంచె ఎగగట్టుకున్నాడు. "సరే, పద. ఇంజన్ చూద్దాం."

షెడ్డులో ఆ కారు దాకా నడిచే దూరం ఎంతో లేదు. విరజ బానెట్ ఎత్తింది. ఇత్తడి పలక ధగధగమంది. నాయుడు ఏమీ అడగకముందే ఆమె స్క్రూడ్రైవర్ తీసుకుంది. మొదటి మర ఊడింది. రెండోది బిగుతుగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని తిప్పింది.

పలక తీయగానే నాయుడు బొటనవేలు తిన్నగా ఆ మూలకే వెళ్లింది. కళ్లు మూసుకున్నా వెళ్లేదేమో. నున్నటి చోటు మీద వేలు ఒకసారి అటూ ఇటూ కదిలి ఆగింది. ఆయన ముఖం పాలిపోయింది.

"దీపం పడలేదే దీనికి." గొంతు తగ్గించాడు. "పడని బ్లాకును మావాళ్లు పంపినారా? ఉస్తాద్ భాయ్, ఈ కారు నడపొద్దు. పరీక్ష చేసినవాడు ఎవడో ఇప్పుడే కనుక్కుంటా." జేబులో ఫోన్ వెతుక్కుంటున్నాడు.

విరజ ఉస్తాద్ వైపు చూసింది. ఆయన గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు.

"ఫోన్ చేయొద్దు సార్," అంది. "దీపం బాగానే పడింది. నేనే తీసేశాను. గ్రైండర్‌తో."

నాయుడు చేయి జేబులోనే ఆగింది. "ఎందుకమ్మా?"

విరజ స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

"మీ ఇంజన్ అని ఎవరికీ తెలియకూడదని."

షెడ్డులో ఎక్కడో సుత్తి దెబ్బలు ఆగిపోయాయి. నాయుడు ఆ నున్నటి చోటును మళ్లీ చూశాడు. కోపం లేదు ఆయన ముఖంలో. ఎవరింటికో భోజనానికి వచ్చి, పిలవలేదని తెలిసినవాడిలా ఉన్నాడు.

"నేనొచ్చిందెందుకో చెప్పేస్తా," అన్నాడు ఉస్తాద్‌తో. "ఇంటి కార్లకు ఇంక ఈ ఇంజన్ వద్దు. వ్యాన్లకూ వద్దు. అంబులెన్స్ ఒకటే మిగిలింది. దానికోసమే అయితే కొలిమి వెలిగించేదానికి గిట్టదు. మీ మూడు వందలు కలిస్తేనే గిట్టుతుంది. వచ్చే ఏడు కూడా తీసుకుంటారా అని అడిగేదానికి వచ్చినా." కాస్త ఆగాడు. "మా దీపం మీకు నామోషీ అయితే చెప్పేయండి. బలవంతం లేదు."

విరజ చేతిలో ఇత్తడి పలక ఉంది. అది ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. అచ్చులు పగలగొట్టడానికి వస్తున్నాడనుకున్న మనిషి, అడగడానికి వచ్చాడు. స్ట్రెచర్ మీద పడుకుని.

ఉస్తాద్ క్యాలెండర్ మీదినుంచి చూపు తిప్పలేదు. "ఇంజన్ల పని విరజది. ఆమే చెప్పాలి."

ఆమె ఇత్తడి పలకను పక్కన బోర్లా పెట్టింది.

"తీసుకుంటాం సార్. ఇప్పుడు నామోషీగా ఉన్నది ఇంజన్ వల్ల కాదు."

నాయుడు ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత జేబులోంచి ఉత్త చేయి బయటికి తీశాడు.

"అట్లయితే సరే," అన్నాడు. "కర్నూలు నుంచి టీ లేదమ్మా నాకు. ఇక్కడ దొరుకుతుందా?"

టీ తాగి ఆయన అంబులెన్స్ ఎక్కాడు. వాచ్‌మన్ ఈసారి గేటు తీసి సెల్యూట్ కొట్టాడు. బండి గతుకుల దారిలో మెత్తగా ఊగుతూ, మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

విరజ కారు దగ్గరికి తిరిగొచ్చింది. ఉస్తాద్ బానెట్ మూయబోతున్నాడు.

"ఈ బ్లాక్ మార్చేయనా ఉస్తాద్? దీపం ఉన్న ఇంకోటి పెడతాను. లేకపోతే ఇక్కడే మళ్లీ చెక్కించి—"

"ఇంజన్ బాగానే ఉందిగా."

"ఉంది. కానీ ఈ చోటు..."

"అలాగే ఉండనీ బేటా." ఆయన బానెట్‌ను పూర్తిగా మూయకుండా ఆమె చేతికి వదిలాడు. "ప్రదర్శనలో దీన్ని ఎత్తేది నువ్వే కదా."