నక్క రంగప్ప తుపాకుల బేరం

అనగనగా ఒక అడవి. ప్రతి పొదకూ, ప్రతి బొరియకూ టీవీ వచ్చేసిన కాలం అది.

ఆ టీవీలో నక్క రంగప్ప దుకాణం నడిపేవాడు. ఫోన్ చేస్తే చాలు, సరుకు ఇంటికే వచ్చేది. దువ్వెనలు అమ్మాడు, మూకుళ్ళు అమ్మాడు. అవి అందరి ఇళ్ళకూ చేరాక, తుపాకులు మొదలుపెట్టాడు.

కుందేలు నూకాలు, ఏదుపంది అప్పలకొండ పక్కపక్క బొరియల్లో ఉండేవారు. ఒకరు మేతకు వెళ్తే రెండోవారు ఇద్దరి పిల్లల్నీ చూసుకునేవారు. ఆ సాయమే లేకపోతే నూకాలు పిల్ల పస్తులుండాల్సిందే. ఆమెకు వేరే దిక్కు లేదు.

మొదటి సాయంత్రం రంగప్ప, అందరి దగ్గరా తుపాకీ ఉంటే ఇక ఎవరికీ భయముండదన్నాడు. పదే మిగిలాయి, త్వరపడమన్నాడు. నూకాలు నవ్వి, పిల్లను నిద్రపుచ్చింది.

రెండో సాయంత్రం ఒక ఉడుమును కూర్చోబెట్టి, తుపాకీ కొన్నాక హాయిగా నిద్ర పడుతోందని చెప్పించాడు. ఇంకా పదే మిగిలాయన్నాడు. నిన్నా పదే, ఈరోజూ పదే. మరి అమ్ముడైనవి ఏ లెక్కలో పోయాయో నూకాలుకు అంతుపట్టలేదు. అయినా ఈసారి నవ్వు రాలేదు.

మూడో సాయంత్రం రంగప్ప గొంతు తగ్గించాడు. "పేరు చెప్పకూడదు గానీ, మీ పక్కింటివాళ్ళు కొనేశారు. ఎందుకు కొన్నారో మీరే ఆలోచించుకోండి."

నూకాలు గోడకు చెవి ఆనించింది. అవతల ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేనందుకే ఆమెకు భయం వేసింది. వెంటనే ఫోన్ చేసింది.

తుపాకీ వచ్చింది. నూకాలు పిల్లను పక్కింటికి పంపడం మానేసింది. పిల్లను ఒంటరిగా వదల్లేక మేతకు వెళ్ళడమూ మానేసింది. పిల్ల ఆకలికి మూలుగుతుంటే, చివరికి తుపాకీ భుజాన వేసుకుని బయటికొచ్చింది.

ఎదురుగా అప్పలకొండ. ఆమె భుజానా తుపాకీ.

"ఒంటినిండా ముళ్ళున్నాయి, నీకు తుపాకీ ఎందుకే?" అంది నూకాలు, ఓ అడుగు వెనక్కి వేసి.

"పక్కింటివాళ్ళు కొన్నారన్నాడుగా నక్క. నాకు పక్కిల్లంటే నీదేగా."

"నాకూ అదే చెప్పాడు. అప్పటికి నేను కొననేలేదు."

"నేనూ కొనలేదు."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. రంగప్ప అన్నది ఒక్క మాటే. కానీ విన్న ప్రతి ఇంటికీ ఒక పక్కిల్లుంది.

తుపాకులు తిరిగిచ్చేద్దామని ఇద్దరూ దుకాణానికి వెళ్ళారు. అప్పుడు రంగప్ప అందులో కూర్చునే టీవీలో మాట్లాడుతున్నాడు. అడవంతా చూస్తోంది. తుపాకులతో ఇద్దరు తలుపు తోసుకుని రాగానే చటుక్కున బల్ల కింద దూరాడు. ముందు అవి బయట పెట్టి రండమ్మా అని అక్కడినుంచే బతిమాలాడు.

"అందరి దగ్గరా ఉంటే భయముండదన్నావు కదా మామా," అంది నూకాలు. "నీ దగ్గర గుట్టలు గుట్టలున్నాయి. మరి ఎందుకు వణుకుతున్నావు?"

బల్ల బయట వణుకుతున్న తోక అడవంతటికీ కనిపించింది.

తెల్లారేసరికి జంతువులన్నీ తుపాకులు తిరిగిచ్చేందుకు బారులు తీరి వస్తున్నాయి. కిటికీలోంచి చూసిన రంగప్పకు, ఎందుకొస్తున్నారని అడిగే ధైర్యం చాలలేదు. పెరటి దారిన పారిపోయాడు. మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఆ పూట నూకాలు తన పిల్లను అప్పలకొండకు అప్పగించి మేతకు వెళ్ళింది.

కాబట్టి పిల్లలూ, పొరుగువారిని అనుమానించమని ఎవరైనా చెబితే, చెప్పేవాడు ఏమి అమ్ముకుంటున్నాడో ముందు చూడాలి.