మినుకు దాటిన సముద్రం

కొండలకూ సముద్రానికీ నడుమ నేరేడుకోన అనే అడవి ఉంది. ఆ అడవిలో ఏనుగులు, ఎలుగుబంట్లు, దుప్పులు, కొంగలు, వడ్రంగిపిట్టలు ఉండేవి. అడవి మధ్యలో ఉన్న మడుగు చుట్టూ తూనీగలు ఉండేవి. అందరికంటే ఎత్తున, కొండకొమ్ము మీద ప్రచండుడు అనే గద్ద ఉండేవాడు. పొద్దున లేచింది మొదలు సాయంత్రం దాకా ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా ఆకాశంలో తిరగగలనని అతనికి మహా గర్వం. ఎవరు కనబడితే వారికి ఆ మాటే చెప్పేవాడు. వినలేక అందరికీ తల బొప్పి కట్టేది. అయినా ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా కొత్త దారి కనిపెడితే, ఆ దారి గుర్తులనూ కనిపెట్టినవారి పేరునూ నేలకు ఒరిగిన పెద్ద టేకు మాను మీద చెక్కేవారు. చెక్కేది వడ్రంగిపిట్ట పోలయ్య. చెక్కమని సెలవిచ్చేది ప్రచండుడు. వెళ్ళివచ్చినట్టు సాక్షి ఉంటేనే సెలవిచ్చేవాడు. మాను మీద ఉన్న దారినే అందరూ నమ్మేవారు. మాను మీద లేకపోతే అది దారే కాదనేవారు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మడుగు రోజురోజుకూ కుంచించుకుపోయింది. నీళ్ళు ఉంటేనే దోమలు ఉంటాయి. దోమలు ఉంటేనే తూనీగలకు తిండి. మడుగు ఎండిపోతే ఆ నాలుగు వందల తూనీగల గతేమిటని అడవిలో ఒక్కరూ ఆలోచించలేదు. తూనీగలంటే వాళ్ళకు లెక్కే లేదు మరి.

మినుకు అనే తూనీగ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. చింతాకంత బరువు కూడా ఉండదు అది. ఒకరోజు తెల్లవారుజామున కడుపు నిండా దోమలు తిని, ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా బయలుదేరింది. సముద్రం దాటి పగడాల దీవికి వెళ్ళింది. అక్కడ ఎండాకాలంలో కూడా ఎండని నీటిగుంటలు చూసింది. ఇరవై రెండో రోజున తిరిగి వచ్చింది. నేరేడుకోనలో అంత దూరం ఎగిరినవారు అంతకుముందు ఎవరూ లేరు. కొంగల్లో లేరు, గద్దల్లోనూ లేరు.

కుడిరెక్క అంచు చిరిగి ఉంది. అయినా మినుకు మడుగు దగ్గర ఆగలేదు. నేరుగా టేకు మాను దగ్గరికి వెళ్ళింది. అందరూ పోగయ్యారు.

"గద్ద మామా, మా వాళ్ళు బతకడానికి దారి దొరికింది. పడమటి గాలి ఈ నెలలోనే వీస్తుంది. ఆ గాలి ఉండగానే మా వాళ్ళను దాటించాలి. దారి గుర్తులు చెక్కించు" అంది.

ప్రచండుడు కిందికి కూడా చూడలేదు. "నువ్వు వెళ్ళడం ఎవరు చూశారు?" అన్నాడు.

"ఎవరూ చూడలేదు మామా. ఒంటరిగా వెళ్ళాను."

"అయితే సాక్షి లేడు. సాక్షి లేని ప్రయాణం చెల్లదు."

"ఒంటరిగా దాటడమే కదా నేను చేసిన పని. సాక్షిని వెంటబెట్టుకుని వెళ్తే అది ఒంటరి ప్రయాణం ఎలా అవుతుంది?"

ఎలుగుబంటి కడుపు పట్టుకుని నవ్వాడు. "చిటికెడు లేదు గానీ సముద్రం దాటిందట" అన్నాడు. దుప్పులు కూడా నవ్వాయి. పెద్దమనిషి అని పేరున్న ఏనుగు తాత నేల చూపులు చూశాడు. పోలయ్యేమో, "ఆచారం ఆచారమే కదమ్మా" అని నసిగాడు.

మినుకుకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? ప్రాణాలకు తెగించి వెళ్ళివచ్చిన దాన్ని, అడవి గట్టు దాటని మహానుభావులందరూ కలిసి అబద్ధాలకోరును చేశారు.

సరే, మన వాళ్ళయినా నమ్ముతారు కదా అని మడుగుకు వెళ్ళింది. అక్కడ తూనీగలకు పెద్ద దాని మేనమామే. ఆయన తుంగపోచ మీద కూర్చుని అంతా విన్నాడు.

"నువ్వు అబద్ధమాడవని నాకు తెలుసే తల్లీ. కానీ మాను మీద లేని దారిని పట్టుకుని, రెక్కలు ముదరని పసివాళ్ళను సముద్రం మీదికి ఎలా పంపను? రేపు ఏదైనా అయితే వాళ్ళ అమ్మలకు ఏం చెప్పను?" అన్నాడు.

పరాయివాళ్ళు నవ్వితే కోపం వచ్చింది. సొంత మామ ఆ మాట అనేసరికి ఏడుపు వచ్చింది.

మర్నాడు ప్రచండుడి దగ్గర నుంచి కబురు వచ్చింది. వెళ్ళేసరికి గొంతులో తేనె కలిపి మాట్లాడాడు. "రావమ్మా. నిన్న పదిమందిలో అలా అనాల్సి వచ్చింది. దారి మొత్తం వివరంగా చెప్పు. నేను విచారిస్తాను" అన్నాడు.

మినుకు పొంగిపోయి అంతా చెప్పింది. ఉప్పుమడుల దగ్గర మొదటి మజిలీ అని చెప్పింది. సముద్రంలో నల్లరాయి అనే దిబ్బ ఉందనీ, అక్కడ నీటికాకులు కాపురముంటాయనీ, వాటి రెట్టల మీద ముసిరే పురుగులు తిని తొమ్మిది రోజులు గడిపాననీ చెప్పింది.

"తొమ్మిది రోజులు ఎందుకు కూర్చున్నావు?"

"అక్కడ గాలి తిరగబడుతుంది మామా. తూర్పు నుంచి ముఖం మీదికి కొడుతుంది. మళ్ళీ పడమటి గాలి వీపు తట్టేదాకా కదలకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఇంకొకటి కూడా ఉంది. మన కొండల మీద వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి నువ్వు రెక్క ఆడించకుండా తేలగలవు. సముద్రం మీద ఆ గాలి లేవదు. అక్కడ ప్రతి బారకూ రెక్క కొట్టాల్సిందే."

ప్రచండుడి ముఖం మాడింది. "ఎగరడం నువ్వు నాకు నేర్పుతావా?" అనబోయి మింగేశాడు. "సరే, వెళ్ళు" అన్నాడు.

ఆ మరుసటి రోజు పొద్దున్నే సభ పెట్టించాడు. "నేరేడుకోన వాసులారా, పగడాల దీవికి నేను దారి కనిపెట్టాను. రెండు కొంగలను సాక్షులుగా తీసుకుని రేపే బయలుదేరుతున్నాను. పది రోజుల్లో వెళ్ళి వస్తాను. ఆ తూనీగ ఇరవై రెండు రోజులు పట్టిందని చెప్పుకుంటోంది కదా. నేను దానికి సగం కూడా తీసుకోను" అన్నాడు.

దొంగబుద్ధి అంటే ఇది కాదూ? దారి దానిది, చిరిగిన రెక్క దానిది, పేరు మాత్రం ఈయనది.

మినుకు మాను మీద వాలింది. ఈసారి మామా అని పిలవలేదు.

"ప్రచండా, నేను వెళ్ళనే లేదన్నావు. వెళ్ళనిదాన్ని నువ్వెలా మించుతావు? నేను చెప్పింది అబద్ధమైతే ఉప్పుమడులూ నల్లరాయీ నీకెలా తెలుసు?"

ప్రచండుడు గుడ్లురిమి చూశాడు. "పురుగువి, పురుగులా ఉండు" అన్నాడు.

"ఉంటాను. కానీ నీ వెంట వచ్చే కొంగల ప్రాణాల కోసం మళ్ళీ చెబుతున్నాను. నల్లరాయి దగ్గర ఆగండి. గాలి తిరిగేదాకా ఆగండి."

"ఆగడం చేతకానివాళ్ళ పని" అని ప్రచండుడు రెక్కలు విదిలించాడు. ఏనుగు తాత ఆ రోజు కూడా నోరు మెదపలేదు. కొంగల్లో పెద్దది మాత్రం మినుకు మాటలు చెవిన వేసుకుంది.

వాళ్ళు వెళ్ళిపోయారు. పది రోజులు గడిచాయి. ప్రచండుడు రాలేదు. పదిహేను రోజులు గడిచాయి. ఈలోగా మడుగు బురదగుంట అయింది. దోమలు పోయాయి. ఆకలికి తాళలేక తూనీగలు ఒక్కొక్కటిగా తుంగ మీద నుంచి జారిపోయాయి. మినుకు ప్రతి పూటా మేనమామను బతిమాలింది. "గద్దదొర వచ్చి మాను మీద చెక్కించనీ తల్లీ, వెంటనే వెళ్దాం" అనేవాడు ఆయన. తనకు దొరికిన ఒకటీ అరా దోమ కూడా పసివాళ్ళకే పెట్టేవాడు. పద్దెనిమిదో రోజున ఆయనా పోయాడు. అప్పటికి పోయినవారు నలభై ఒక్కరు.

మినుకు ఏడవలేదు. దానికి ఏడుపు కూడా కోపంగానే వచ్చింది.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం కొంగలు రెండూ తిరిగి వచ్చాయి. అడవి అంతా మాను దగ్గర మూగింది. పెద్ద కొంగ అలుపు తీర్చుకుని చెప్పింది.

"నల్లరాయి దాకా బాగానే వెళ్ళాం. మేము వాలగానే నీటికాకులు ఏమని అడిగాయో తెలుసా? 'మీ ఊరి చిన్నతూనీగ క్షేమంగా చేరిందా' అని అడిగాయి. అది అక్కడ తొమ్మిది రోజులు ఉందట. ఆ తర్వాత పగడాల దీవికి చేపల కోసం వెళ్ళిన నీటికాకులు, అక్కడ గుంట పక్కన కొబ్బరాకు మీద దాన్ని చూశాయట. తిరుగు ప్రయాణంలో కూడా దిబ్బ మీద వాలి వెళ్ళిందట. ప్రతి మాటా నిజం."

ఏనుగు తాత తొండం వేలాడింది.

"మరి ప్రచండుడు ఏమయ్యాడు?" అని పోలయ్య అడిగాడు.

"గాలి ఎదురు తిరిగింది. ఆగుదామన్నాం. తూనీగ మాట విని నేను ఆగాలా అని మమ్మల్ని తిట్టి ఒక్కడే వెళ్ళాడు. రెక్కలు చాపి తేలబోయాడు. తేల్చే గాలి అక్కడ లేదు. కిందికి జారిపోయాడు. రెక్క కొట్టడం మొదలుపెట్టాడు గానీ అలవాటు లేని పని కదా, దిబ్బ కనబడుతుండగానే నీళ్ళలో పడ్డాడు. చేపల పడవ వాళ్ళు వలలో పైకి లాగారు. చేపల బుట్ట పక్కన పడుకోబెట్టి ఒడ్డుకు తీసుకుపోయారు. మేము దిబ్బ మీదే ఉండి, ఆ తూర్పు గాలిలోనే వెనక్కి వచ్చాం."

చెబుతుండగానే పొదల్లో చప్పుడైంది. ప్రచండుడు నడిచి వస్తున్నాడు. ఎడమ రెక్కను నేల మీద ఈడుస్తున్నాడు. ఒళ్ళంతా ఉప్పు పేరుకుని తెల్లగా ఉంది. అయినా సిగ్గు పడ్డాడనుకున్నారా? మాను ఎక్కబోతూ, "తప్పు నాది కాదు, సముద్రానిది" అన్నాడు. ఏనుగు తాత తొండం అడ్డం పెట్టాడు. "ఈ మాను మీద నీకిక చోటు లేదు. దిగు" అన్నాడు. ఆ మాట ఇరవై రోజుల కిందటే అనవలసింది.

తర్వాత ఏనుగు తాత మినుకు వైపు తిరిగాడు. "తల్లీ, నీ పేరు అన్నిటికంటే పైన చెక్కిస్తాం. రేపు నీకు సన్మానం చేస్తాం. మమ్మల్ని క్షమించు" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు తాతా? అడగవలసినవాళ్ళు ఆ బురదలో ఉన్నారు" అంది మినుకు.

మినుకు అందరినీ కలయజూసింది.

"నేను వచ్చిన రోజున మీలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, 'ఆ పిల్ల చెప్పేది నిజమేమో, కనుక్కుందాం' అని ఉంటే మా మామ బతికేవాడు. ఎలుగు మామ నవ్వాడు. పోలయ్యేమో ఆచారం అన్నాడు. నువ్వు నేల చూపులు చూశావు. ప్రచండుడు దొంగ అని నాకు అర్థమైంది. మీరు ఎవరో మాత్రం ఇప్పటికీ అర్థం కాలేదు."

ఆ మాటకు ఎలుగుబంటి చెట్టు చాటుకు తప్పుకున్నాడు. మినుకు తన వాళ్ళ వైపు తిరిగింది. బతికి ఉన్న తూనీగలన్నీ మాను చుట్టూ చేరి ఉన్నాయి.

"పడమటి గాలి మళ్ళీ మొదలైంది. ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. మాను మీద చెక్కేదాకా ఆగుతారా, నాతో వస్తారా?" అంది.

ఒక్క తూనీగ కూడా ఆగలేదు. అన్నీ ఒకేసారి లేచాయి. పసివాళ్ళను మధ్యలో పెట్టుకుని మినుకు వెంట వెళ్ళాయి. ఉప్పుమడుల దగ్గర కడుపు నింపుకున్నాయి. నల్లరాయి మీద ఆరు రోజులు ఓపికగా కూర్చున్నాయి. పగడాల దీవి చేరాయి. అక్కడ నీటికి లోటు లేదు, తిండికి లోటు లేదు. ఏడాది తిరిగేసరికి వేలయ్యాయి.

ప్రచండుడు మళ్ళీ ఎత్తుకు ఎగరలేదు. పొదల కింద తొండల కోసం వెతుక్కుంటూ బతికాడు. తన గొప్పలు చెప్పబోతే దుప్పి పిల్లలు కూడా లేచి వెళ్ళిపోయేవి.

పోలయ్య ముక్కు అరిగేలా మూడు రోజులు కష్టపడి ఆ దారిని మాను మీద చెక్కాడు. చూడడానికి నేరేడుకోనలో ఒక్క తూనీగ కూడా మిగల్లేదు.

నీతి: ఇతరుల కష్టాన్ని తన పేరున రాయించుకోబోయినవాడు నడిదారిలోనే కూలిపోతాడు, నిజం చెప్పినవారిని అవమానిస్తుంటే చూస్తూ ఊరుకున్నవారికి కూడా ఆ పాపంలో పాలు ఉంటుంది.